వర్షాశనములు: స్థిరము, చరము

పొలమును కౌలునకిచ్చు పద్ధతులు రెండని మీకందఱకును తెలిసినదే. ఒకటి మక్తా. పంట పండినను ఎండినను కౌలుదారు ఇన్ని బస్తాలని గాని, ఇన్ని రూపాయలని గాని ఒప్పుకొన్నది భూస్వామికి ఇచ్చి తీరవలెను. రెండవది కోరు. పండినదానిలో పాలు; పండినయేడు గాదె నిండును, పండనియేడు గాదె అడుగు కనబడును. ఈ రెంటిలో ఏది మేలని యడిగినచో మన పెద్దలు వెంటనే బదులు చెప్పరు. కాలువ క్రింది మాగాణియా, వానకు ఎదురుచూచు మెట్టయా, కౌలుదారు ఎట్టివాడు, ఇంట తినువారు ఎందఱు అని విచారించి గాని నోరు విప్పరు. నేడు నేను చెప్పబూనినది సొమ్మునకు సంబంధించిన మక్తాను గూర్చియు, సొమ్మునకు సంబంధించిన కోరును గూర్చియు. వీనిని ఇంగ్లీషువారు యాన్యుటీలందురు.

ఈ మాటకు తెలుగున క్రొత్తపేరు వెదకవలసిన పని లేదు. పూర్వము రాజులును జమీందారులును పండితులకు ఏటేట ఇచ్చుచుండిన భత్యమునకు వర్షాశనమని పేరు. ఏడాదికి సరిపడు తిండి యని దాని యర్థము. ఒక పెద్దమొత్తమును బీమా సంస్థకు అప్పగించి, దానికి బదులుగా మనము జీవించియున్నంత కాలము నెలనెలయో ఏటేటయో కొంత సొమ్ము పొందుటకు చేసికొను ఒడంబడికయే యీ వర్షాశనము. ఇచ్చెడి సొమ్ము మాఱనిదైనచో స్థిరము, మాఱునదైనచో చరము. రాశిచక్రమునందు మేషము చరరాశి, వృషభము స్థిరరాశి, మిథునము ద్విస్వభావరాశి యని మీరెఱుగుదురు. ఇందును ఆ మూడవ జాతి గలదు. దానిని గూర్చి తరువాత ఒక్క మాట చెప్పెదను.

ఈ ప్రశ్న 2021వ సంవత్సరమున మా అక్కగారి యింట పుట్టినది. అప్పటికి ఆమెకు డెబ్బది యేండ్లు. బావగారు గతించి చాలకాలమైనది. రహదారి వెడల్పు చేయుటలో పొలము కొంత పోగా, పరిహారముగా 20 లక్షల రూపాయలు ఆమె పేర బ్యాంకిలో పడినవి. పడిన పదిదినములలోపలనే ముగ్గురు మనుష్యులు ఆమె వాకిట కూర్చుండిరి. ఒకడు స్థిర వర్షాశనమును అమ్మవచ్చినవాడు. ఒకడు షేర్ల మార్కెట్టుతోపాటు పెరుగునని చెప్పి వేఱొక పథకమును అమ్మవచ్చినవాడు. మూడవవాడు ఆమె కుమారుడే. పట్టణమున ఎరువుల దుకాణము పెట్టుటకు పెట్టుబడి కావలెనని వచ్చెను. ఆమె ముగ్గురికిని మజ్జిగ యిచ్చి పంపి, నాకు కబురు చేసెను.

నేను వెళ్లి కూర్చుండగనే, "తమ్ముడూ, నెలనెలా వచ్చేది తగ్గకూడదు. ధరలు పెరిగితే మాత్రం అదీ పెరగాలి. అట్లాంటిది ఏదైనా ఉందా?" అని యడిగెను.

నలువది యేండ్లు లెక్కలు చెప్పినవాడను. అయినను ఇంత సూటియైన ప్రశ్న నాకు తరగతిలో ఎవ్వరును వేయలేదు. ఆమె కోరినది మక్తా యొక్క నిలుకడయు, కోరు యొక్క పెరుగుదలయు కలిసిన వస్తువు. అట్టిది అంగడిలో ఊరక దొరకదు. తగ్గని దానిని తీసికొన్నవాడు ధరల పెరుగుదలకు లోబడును. పెరుగుదానిని తీసికొన్నవాడు తఱుగుదలకు లోబడును. అమ్మువారు ఈ రెండు భయములలో ఒకదానినే చెప్పి రెండవదానిని దాచుచుందురు. స్థిరమును అమ్మువాడు షేర్ల మార్కెట్టు పతనమును వర్ణించును. చరమును అమ్మువాడు బియ్యము ధరను వర్ణించును. ఇద్దఱును చెప్పునది సత్యమే, కాని సగము సత్యము.

అసలు వర్షాశనము బ్యాంకి వడ్డీ కంటె ఎక్కువ యెట్లు ఇయ్యగలదో మొదట తెలిసికొనవలెను. ఒకే వయస్సు గల నూఱుమంది వృద్ధులు తలకొక లక్ష వేసి ఒక నిధిని ఏర్పఱచినారనుకొనుడు. ఏడాదిలో అందు ముగ్గురు గతించిరి. వారి పాలు వారసులకు పోక నిధిలోనే నిలిచినచో, మిగిలిన తొంబదియేడుగురికి వడ్డీతోపాటు ఆ మూడు పాళ్లలోని భాగమును అందును. ముందు పోయినవారు, వెనుక మిగిలినవారిని పోషించుచున్నారన్నమాట. ఎంత వయస్సువారికి ఎంత ఇచ్చిన నిధి చెల్లునో చెప్పవలెనన్న ఏ వయస్సున ఎందఱు గతింతురో తెలియవలెను. హాలెండు దేశపు మంత్రి జాన్ డి విట్ 1671లో ఈ లెక్కను వ్రాసెను. 1693లో ఎడ్మండ్ హేలీ బ్రెస్లౌ పట్టణపు జనన మరణముల పుస్తకములను బట్టి పట్టిక కట్టెను. తోకచుక్కకు పేరిచ్చిన హేలీయే యితడు. నక్షత్రములను లెక్కించువాడు మనుష్యుల చావులను కూడ లెక్కించెనని విని మా అక్కగారు, "మన పంచాంగంవాళ్లు చేసే పనేగా!" అనిరి. కాని పంచాంగకర్త ఒక్కొక్కని ఆయుర్దాయము చెప్పబూనును. బీమావాడు ఒక్కొక్కని సంగతి తెలియదని యొప్పుకొని, వేలకొలది జనులను కలిపి చెప్పును. అందుచేతనే ఆ లెక్క నిలుచును.

ఇక స్థిరమును విచారింతము. ఇందు గుణము స్పష్టము. సంతకము చేసిననాడు నిర్ణయమైన సొమ్ము తొంబదియైదవ యేటను అట్లే వచ్చును. వడ్డీరేట్లు తగ్గినను, మార్కెట్టు కూలినను, మన జ్ఞాపకశక్తి తగ్గినను అది తగ్గదు. ఈ చివరిది చిన్నగుణము కాదు. ఎనుబది దాటినవారికి తమ సొమ్మును తాము చూచుకొను ఓపిక యుండదు.

అయితే స్థిరమైనది యేది? రూపాయలు స్థిరము, బియ్యము కాదు. ధాన్యపు మక్తాకును రూపాయల మక్తాకును గల భేదము మీకు చెప్పనక్కఱలేదు. ఎకరమునకు పదునైదు బస్తాలని వ్రాసికొన్నవాని మనుమడును పదునైదు బస్తాలనే తినును. ఎకరమునకు ఇన్ని రూపాయలని శాశ్వతముగా వ్రాసికొన్నవాని మనుమడు ఆ రూపాయలతో సంచి కూడ కొనలేకపోవచ్చును. వర్షాశనము రూపాయల మక్తా. ధరలు ఏటికి నూటికి 6 వంతున పెరుగుననుకొన్నచో, 12 ఏండ్లలో అన్నియు రెట్టింపగును. నేడు నెలకు 10,000 రూపాయలు వచ్చువానికి 12 ఏండ్ల తరువాతను 10,000 రూపాయలే వచ్చును గాని, నేటి లెక్కలో దాని విలువ 5,000 మాత్రమే. ఇరువది యేండ్లకు సుమారు 3,100 అగును. 1923లో జర్మనీలో ఈ పతనము కొన్ని మాసములలో జరిగినది. స్థిర వర్షాశనములు కలవారికి ఒప్పందము ప్రకారము మార్కులు అక్షరాల ముట్టినవి. ఆ మార్కులతో రొట్టె ముక్క రాలేదు. మన దేశమున అట్టి ప్రళయము కలుగలేదు. కాని చెద ఒక్కదినమున కొట్టినను, ఇరువది యేండ్లు కొట్టినను దూలము దూలమే.

ఈ భయము బాధించినవారిలో మొదటివారు మా బడిపంతుళ్లే యని చెప్పుటకు నాకు కొంత గర్వముగా నున్నది. అమెరికాలో కళాశాలల ఉపాధ్యాయుల వృద్ధాప్యము కొఱకు, కార్నెగీ ఇచ్చిన ధనముతో 1918లో టి.ఐ.ఎ.ఎ. యను సంస్థ యేర్పడినది. అది యిచ్చుచుండినవి స్థిర వర్షాశనములు. రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట ధరలు పెరుగగా, ముప్పది యేండ్లు జీతములో మిగిల్చి కట్టినవారు వృద్ధాప్యమున ఇబ్బంది పడిరి. విలియం గ్రీనఫ్ అను నాతడు ఈ విషయమును పరిశోధించి, సొమ్ములో కొంతభాగమును షేర్లలో ఉంచి దాని ననుసరించి యెక్కువ తక్కువలుగా భత్యమిచ్చు పద్ధతిని ప్రతిపాదించెను. అట్లు 1952లో సి.ఆర్.ఇ.ఎఫ్. అను నిధి యేర్పడినది. చర వర్షాశనమునకు అదియే ఆరంభము. నేడు దీనిని అమ్మువారు చెప్పని యొక సంగతి కలదు. ఆనాడు ఉపాధ్యాయుడు తాను కట్టుదానిలో సగమునకు మించి ఆ నిధిలో వేయుటకు వీలులేదు. మిగిలినది స్థిరములోనే యుండవలెను. చరమును కనిపెట్టినవారే దానిని సగమునకు కట్టివేసిరి.

చరము నడచు తీరు వినుడు. సొమ్మును రూపాయలుగా కాక యూనిట్లుగా లెక్కింతురు. భత్యమును నిర్ణయించుటకు ముందు ఒక రాబడిని ఊహింతురు. నూటికి 4 అనుకొందము. ఖర్చులు పోగా నిధికి ఆ యేడు సరిగా 4 వచ్చినచో భత్యము మాఱదు. అంతకు మించినచో పెరుగును, తక్కువైనచో తఱుగును. నెలకు 1,000 డాలర్లు వచ్చువానికి, నిధి నూటికి 10 పెరిగినయేడు 1,058 డాలర్లగును. మఱుసటియేడు నిధి నూటికి 10 తఱిగినచో 915కు దిగును. చూచితిరా! పది పెరిగి పది తఱిగినచో మొదటికి వచ్చితిమని సామాన్యుడు తలచును. ఇక్కడ 85 డాలర్లు తక్కువైనవి. నిధి పెరుగక తఱుగక యున్నయేడు సైతము భత్యము 962 అగును. 'అసలు పోలేదు గదా, భత్యమేల తగ్గినది?' అని అడుగువారికి ఇదియే సమాధానము. ఊహించిన రాబడి యెక్కువైనచో మొదటి భత్యము పెద్దదిగా కనబడును, తరువాత పెరుగుట కష్టమగును. మొదటి నెల అంకెను చూచి మురియువారు ఈ గుట్టును ఎఱుగవలెను.

1959లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ముందునకు ఒక వివాదము వచ్చినది. చర వర్షాశనము బీమాయా, లేక షేర్ల వంటి పెట్టుబడియా? అది షేర్ల చట్టములకు లోబడునని న్యాయస్థానము తీర్పు చెప్పెను. పెట్టుబడి విషయమున నష్టభారమును సంస్థ మోయుటలేదు, కొన్నవాడే మోయుచున్నాడు కనుక నని కారణము చూపెను. ఆ తీర్పును చదివినప్పుడు మన కోరు రైతులు న్యాయమూర్తులకు సాక్ష్యమిచ్చి యుందురా యని నాకు నవ్వు వచ్చినది.

చరమునందు మార్కెట్టు భయము కంటె నాకు ఎక్కువ భయము ఖర్చులు. మార్కెట్టు పడినయేడు పడును, లేచినయేడు లేచును. ఖర్చు రెండేండ్లును తినును. అమెరికాలో ఆయుర్దాయ భారము పేర నూటికి సుమారు ఒకటింబావు, నిధిని నడపినందులకు కొంత, కాగితముల పనికి కొంత, హామీలు కోరినచో ఒక్కొక్క హామీకి మఱికొంత - అన్నియు కలిసి ఏటికి నూటికి రెండు మూడు వఱకు పోవుట కలదు. రెండున్నర యనిన అల్పమని తోచును. లక్ష రూపాయలు ఏటికి నూటికి 8 వంతున 25 ఏండ్లు పెరిగినచో సుమారు 6 లక్షల 85 వేలగును. అందు రెండున్నర ఖర్చునకు పోయి, ఐదున్నర వంతున పెరిగినచో 3 లక్షల 81 వేలే అగును. మూడు లక్షలు ఏమైనవి? దొంగ రాలేదు, వరద రాలేదు. పందికొక్కు రాత్రికి దోసెడు చొప్పున తిన్నది.

నాకు ఈ జ్ఞానము చదువుచేత రాలేదు. 2007లో నేను షేర్ల మార్కెట్టుతో ముడిపడిన పింఛను పథకమొకటి తీసికొంటిని. అమ్మినవాడు నా పూర్వశిష్యుడు. సంస్థ పేరు చెప్పను. కట్టిన లక్షలో 27 వేలు మొదటియేటనే ఖర్చుల క్రింద కోసినట్లు కాగితము వచ్చినప్పుడు గాని నేను చదువలేదు. 2008 జనవరిలో 21 వేలు దాటిన సెన్సెక్సు సూచిక ఆ యేడే 9 వేలకు దిగువకు జాఱినది. నేను రెండవ తప్పు చేసితిని. భయపడి అడుగున నున్నప్పుడు విడిచిపెట్టితిని. మఱి రెండేండ్లు ఓపిక పట్టినచో కొంతయైన వచ్చియుండెడిది. నా స్వభావము కోరునకు తగినది కాదని యప్పుడు తెలిసినది. తరువాత 2010 సెప్టెంబరు 1 నుండి ఇట్టి పథకముల ఖర్చులకు హద్దులు ఏర్పడినవి, విడిచిపెట్టకూడని కాలము మూడేండ్ల నుండి ఐదేండ్లకు పెరిగినది. ఆ కట్టడి చేసిన బీమా నియంత్రణ సంస్థ యొక్క కార్యస్థానము మన హైదరాబాదే.

మన దేశమున చరము తఱచుగా వేఱు వేషమున వచ్చును. 2004 సెప్టెంబరు 1 నుండి మన రాష్ట్రమున కొలువున చేరిన ఉపాధ్యాయులకు అంశదాయక పింఛను పద్ధతి వచ్చినది. జీతములో నూటికి 10 వారు, అంతే సొమ్ము ప్రభుత్వము వేయగా, అది మార్కెట్టులో పెరుగుచుండును. కొలువు విడిచినప్పుడు నూటికి 40కి తక్కువ కాకుండ వర్షాశనము కొనవలెనని నియమము. అనగా పనిచేయునాళ్లు కోరు, విశ్రాంతినాళ్లు మక్తా. నాకు పాతపద్ధతి పింఛను. ధరలతోపాటు కరువు భత్యము పెరుగుచున్నది. మా అక్కగారు అడిగిన వస్తువు నా చేతిలోనే యున్నది, కాని అది అమ్మకమునకు లేదు. కనుక ఒడ్డున నిలిచి ఈత నేర్పువాని మాటలుగా నా మాటలను కొంత తగ్గించి వినవలెనని మనవి.

ఇంతలో అమెరికా నుండి నా శిష్యుడొకడు ఉత్తరము వ్రాసెను. న్యూజెర్సీలో ఉద్యోగము, ఏబదియేడేండ్లవాడు. తెలుగువారి సంబరములో పరిచయమైన తెలుగువాడే యొకడు అతనికి చర వర్షాశనమును అమ్మజూపెను. పన్ను ఇప్పుడు లేదు, మార్కెట్టు పెరిగిన మీదే, పోయినచో భార్యాబిడ్డలకు అసలు తగ్గకుండ ముట్టును అని చెప్పెనట. "మాస్టారూ, చక్రవడ్డీ మీరే నేర్పించారు, దీన్ని కూడా ఒక్కసారి చూడండి" అని కాగితములు పంపెను. ఉద్యోగమువలన కలిగిన పింఛను ఖాతాలోని సొమ్ముతోనే దీనిని కొనవలెనని అందున్నది. ఆ ఖాతాకు పన్ను వాయిదా యెట్లును కలదు. దానిలోపల దీనిని కొన్నందువలన పన్ను లాభమేమియు అదనముగా రాదు. గొడుగు క్రింద గొడుగు పట్టినట్లు. తీసికొనునప్పుడు లాభమునకు మామూలు ఆదాయపు పన్ను పడును. మొదటియేడు విడిచినచో నూటికి 7, తరువాత ఏటికొకటి చొప్పున తగ్గుచు ఏడేండ్ల వఱకు కోత. ఐదేండ్లలోపల బిడ్డ చదువునకు ఈ సొమ్మే తీయవలసినవాడు దానికి సంతకము చేయబోవుచుండెను. ఇష్టములేనిచో త్రిప్పి పంపుటకు అక్కడ సాధారణముగా పదిదినములైన గడువుండును. మన దేశమున 2024 నుండి ముప్పది దినములు. నేను వ్రాసినది ఆ పదిదినములలోపల అందినది, అతడు త్రిప్పి పంపెను. అమ్మినవానితో మాటలు లేవని తరువాత వ్రాసెను. అందులకు నాకు విచారమే.

అయినను చరమంతయు మోసమని నేననను. పింఛను ఖాతాలలో కట్టదగినంత కట్టి, ఇంకను మిగులు కలిగి, పదునైదేండ్లు ఆ సొమ్మును తాకనక్కఱలేనివానికి, ఖర్చులు తక్కువగా నున్న చరము తగియుండవచ్చును. ద్విస్వభావపు జాతిని గూర్చి మాట యిచ్చితిని. అమెరికాలో సూచిక వర్షాశనమని యున్నది: మార్కెట్టు పడినయేడు అసలు తగ్గదు, లేచినయేడు లాభములో కొంత హద్దు వఱకే మనది. ఆ హద్దును సంస్థ ఏటేట మార్చుకొనుటకు పలు ఒప్పందములలో అధికారము వ్రాసికొనును. కొలపాత్రను కౌలుదారు చేతికి ఇచ్చినట్లే గనుక ఇంతకు మించి చెప్పను.

మా అక్కగారి వాకిటికి తిరిగి వత్తము. స్థిరమును అమ్మువాడు చూపిన పట్టికలో మూడు రకములున్నవి. పది లక్షలు కట్టినచో, అసలు తిరిగిరాని రకమున నెలకు సుమారు 8,000. తదనంతరము అసలు వారసునికి ముట్టు రకమున సుమారు 5,000. మూడవది ఏటేట నూటికి 3 వంతున మొదటి భత్యముపై పెరుగునది. అది తక్కువతో మొదలగును. పదియేండ్లకు అది 30 పెరుగును, ధరలు 6 వంతున చక్రవృద్ధిగా 79 పెరుగును. పెరుగునన్న మాట నిజమే, అందుకొనునన్న మాట కాదు. మొదటి రకమునకును రెండవ రకమునకును నెలకు మూడువేలు భేదము. ఆ మూడువేలు కుమారుని వారసత్వమునకు తల్లి నెలనెల కట్టు వెల. కుమారుడు సహజముగా రెండవ రకమునే మెచ్చుకొనెను.

నేను ఆమెను ఒక్కటే అడిగితిని: "అక్కా, ఏమి తగ్గినా తగ్గకూడనిది నెలకు ఎంత?" ఆమె పలక తెప్పించి వ్రాసెను. బియ్యము, నూనె, పప్పు, పాలు, గ్యాసు, కరెంటు, రక్తపుపోటు మందులు. ఆఱువేల నాలుగువందలు తేలినది. పండుగలు, తీర్థయాత్రలు, మనుమరాండ్రకు చీరలు వేఱుగా వ్రాసెను. మొదటి జాబితా తఱిగిన ఆమె పస్తుండవలెను. రెండవది తఱిగిన నిట్టూర్చి ఊరకుండవచ్చును. మొదటిదానికి మక్తా, రెండవదానికి కోరు అని ఆమెయే తేల్చెను, నేను చెప్పలేదు.

ఎనిమిది లక్షలు అసలు తిరిగిరాని స్థిర వర్షాశనమున పడినవి. పది లక్షలు పోస్టాఫీసులో వృద్ధుల పొదుపు పథకమున పెట్టెను. అది ఐదేండ్లది, మూడు నెలలకొకసారి వడ్డీ వచ్చును, ఆపదలో కొంత కోతతో తీసికొనవచ్చును. చికిత్సకు సొమ్ము కావలసినప్పుడు వర్షాశనము పది రూపాయలైన ముందుగా ఇయ్యదు గనుక ఇది అవసరము. వైద్యమునకు చేతిలో ఏమియు ఉంచుకొనక సర్వమును వర్షాశనమున వేసినవారిని నేనెఱుగుదును. రెండు లక్షలు మాత్రము షేర్ల సూచికను అనుసరించు మ్యూచువల్ ఫండులో వేసెను. "ఇది పోయిందనుకునే వేస్తున్నా" అని నాతో మూడుసార్లు చెప్పించుకొని మరీ వేసెను. మార్కెట్టుతో పెరుగు పథకమును తెచ్చినవానికి మఱల మజ్జిగ యిచ్చి పంపెను.

కుమారునికి కోపము వచ్చినది. ఎనిమిది లక్షలు తల్లితోనే పోవునని అతని బాధ. అది అన్యాయమైన బాధ యని నేననను. ఆమె రెండేండ్లలో గతించినచో అతని మాటయే నెగ్గియుండెడిది. తొంబదియేండ్లు జీవించినచో ఆమె మాట నెగ్గును. ఎవరి మాట నెగ్గునో తెలియకుండుటయే యీ బేరమునకు మూలము. ఆమె అతనితో, "ఒరే, నేనెన్నాళ్లుంటానో నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఎన్నాళ్లున్నా నీ చేతివంక చూడను, అంతవరకు చాలదా?" అనెను. అతడు సమాధానము చెప్పక వెళ్లిపోయెను. నాతో మాత్రము ఏడాదిపాటు మాటలాడలేదు. ఇప్పుడు మాటలాడుచున్నాడు గాని, లెక్కల ప్రస్తావన తేడు.

ఆమెకు ప్రతి నెల మొదటి వారమున ఆఱువేల నాలుగువందలు తప్పక వచ్చుచున్నవి. నాలుగేండ్లైనది. ఆ సొమ్ములో మొదట అన్నియు ఇమిడినవి; ఇప్పుడు మందుల ఖర్చు బయటపడినది. దానిని పోస్టాఫీసు వడ్డీ నుండి తీయుచున్నది. ఫండులోని రెండు లక్షలు కొంత పెరిగినవట. ఎంతయో చూడలేదని చెప్పినది. పోస్టాఫీసు పథకము ఐదేండ్ల గడువు వచ్చుచున్నది గనుక, మఱల కూర్చుండి పలక పట్టవలసి యున్నది. అంతవఱకు నెలనెల ఖర్చు వ్రాసిన పుస్తకమును నాకు పంపుమని యడిగితిని. ఇంకను పంపలేదు.